తూము తెరిచేదెవరు? మూసేదెవరు?

తృతీయ బి.యస్సీ. విద్యార్థి

మా వైపు పల్లెల్లో కేన్సరును రాచపుండు అంటారు, పుట్టకురుపు అనీ అంటారు. ఆ పేరు కూడా ఎవరూ గట్టిగా పలకరు. ఎక్కడినుంచో వచ్చి ఒంట్లో దూరిన పురుగని కొందరు, తాకితే అంటుకుంటుందని కొందరు, ఏనాడో చేసిన పాపమని మరికొందరు అనుకుంటారు. రోగి తాగిన గ్లాసు విడిగా పెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చదువుకున్నవాళ్ళలో కూడా ఈ భయం పూర్తిగా పోలేదు.

నిజానికి కేన్సరు కణం పరాయిది కాదు. అది మన ఒంట్లో పుట్టి పెరిగిన మన కణమే. నిన్నటిదాకా చుట్టుపక్కల కణాల మాట విని, పెరగమంటే పెరిగి, ఆగమంటే ఆగిన కణం, క్రమంగా మాట వినడం మానేస్తుంది. అంతే తేడా. అయితే ఆ మాటలేమిటి? వాటిని కణం ఎలా వింటుంది? ఎక్కడ చెడితే వినడం మానేస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు గత యాభై అరవై ఏళ్ళలో శాస్త్రజ్ఞులు చాలావరకు జవాబులు సంపాదించారు. వాటిని నాకు అర్థమైనంతలో, జీవశాస్త్రం చదవని మిత్రులకు కూడా బోధపడేలా చెప్పాలని ఈ ప్రయత్నం. నేను రైతుబిడ్డను గనుక పోలికలు పొలం నుంచి వస్తాయి. పట్నం మిత్రులు మన్నించాలి.

కణం చీలడమంటే

మనిషి శరీరంలో సుమారు 30 నుంచి 37 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. ఇవన్నీ ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవే. తల్లి కడుపులో ఫలదీకరణం చెందిన అండం రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై ఇంతటి శరీరమైంది. పెద్దవాళ్ళమైన తరవాత కూడా ఈ పని ఆగదు. మన ఎముకల మూలుగలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రరక్తకణాలు తయారవుతుంటాయి. పేగుల లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి కొత్తదవుతుంది. మెదడులోని నరాల కణాలు మాత్రం దాదాపుగా చీలవు. కాలేయం మధ్యరకం. మామూలప్పుడు అది ఊరుకుంటుంది. ఆపరేషన్ చేసి కొంత ముక్క తీసేస్తే మళ్ళీ పెరగడం మొదలుపెట్టి, పాత పరిమాణానికి రాగానే ఆగిపోతుంది. పెరగమని ఎవరు చెప్పారు? చాలు, ఆగమని ఎవరు చెప్పారు? మన కథంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది.

కణం రెండుగా చీలడమంటే దోసకాయను కత్తితో కోసినట్టు కాదు. లోపలున్న 46 క్రోమోజోములకూ ముందుగా నకళ్ళు తీయాలి. నకలు సరిగా వచ్చిందో లేదో చూసుకోవాలి. ఆ తరవాతే పంపకం. ఈ పనిని నాలుగు దశలుగా చెప్తారు. మొదటిది జి-1. ఇది కణం బలిసి, సరంజామా సమకూర్చుకునే కాలం. రెండోది ఎస్. డి.ఎన్.ఏ.కు నకలు తీసే కాలం. మూడోది జి-2. తప్పొప్పులు సరిచూసుకునే కాలం. నాలుగోది ఎమ్. అదే చీలిక. ప్రయోగశాలలో పెంచే మానవకణానికి ఈ చక్రమంతా తిరగడానికి సుమారు 24 గంటలు పడితే, అందులో చీలిక వంతు ఒక గంట మాత్రమే.

జి-1 చివర ఒక హద్దు ఉంది. ఆర్థర్ పార్డీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1974లో దీన్ని గుర్తించాడు. హద్దుకు ఇవతల ఉన్నంతసేపూ బయటినుంచి వచ్చే మాటను బట్టి కణం ముందుకు పోవచ్చు, ఆగిపోనూవచ్చు. హద్దు దాటిందా, ఇక బయటివాళ్ళ మాటతో పనిలేదు, చీలికదాకా నడుస్తుంది. విత్తనం చల్లక ముందైతే వాన చూసి నాలుగురోజులు ఆగవచ్చు. చల్లిన తరవాత ఆగడానికేముంది?

ఈ చక్రాన్ని తిప్పే యంత్రం ఏదో కనిపెట్టినందుకు లీలండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్ అనే ముగ్గురికి 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. హార్ట్‌వెల్, నర్స్ పనిచేసింది ఈస్టు మీద. హంట్ 1982లో సముద్రపు జీవి అయిన సీ అర్చిన్ గుడ్ల మీద పనిచేస్తుండగా ఒక ప్రొటీను చిత్రంగా ప్రవర్తించడం చూశాడు. అది కణం చీలేముందు పోగవుతుంది, చీలేవేళకు మాయమవుతుంది, మళ్ళీ పోగవుతుంది. చక్రంతోపాటు తిరుగుతోంది గనుక దానికి సైక్లిన్ అని పేరు పెట్టాడు. సైక్లిన్ వచ్చి సి.డి.కె. అనే ఎంజైముతో జతకూడితేనే ఆ ఎంజైము పనిచేస్తుంది, చక్రం తరవాతి దశకు కదులుతుంది. ఈస్టులో, సీ అర్చిన్‌లో, మనిషిలో యంత్రం మూలంలో ఒకటే. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

కేక గట్టునుంచి గట్టుకు

మాకు సాగరు కుడికాలువ కింద చివరి ఆయకట్టులో రెండెకరాల మాగాణి ఉంది. పైన తూము దగ్గర నీళ్ళు వదిలిన సంగతి చివరి మడిలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? సెల్‌ఫోన్లు రాకముందు తూము దగ్గరున్నవాడు ఒక కేక వేసేవాడట. అది విని పక్క పొలంలోవాడు ఇంకో కేక. అలా గట్టునుంచి గట్టుకు కేక అందుకుంటే, చివరివాడు పార తీసుకొని మడవ తెరిచేవాడు. కణంలో జరిగేదీ సరిగ్గా ఇలాంటిదే.

మొదటి కేక కణం బయటినుంచి వస్తుంది. చేతికి కొడవలి తెగిందనుకోండి. రక్తం గడ్డకట్టడానికి వచ్చిన ప్లేట్‌లెట్లు అక్కడ కొన్ని ప్రొటీనులు వదులుతాయి. వాటిని వృద్ధికారకాలు అంటారు. చుట్టుపక్కల కణాలకు అవి చెప్పే మాట ఒక్కటే: "చీలండి, గాయం పూడ్చండి." ఇటువంటి వృద్ధికారకాన్ని ఒకదాన్ని స్టాన్లీ కోహెన్ చిట్టెలుకల లాలాజల గ్రంథుల్లో కనిపెట్టాడు. ఆ గ్రంథుల రసం అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు ఇస్తే అవి వేళకు ముందే కళ్ళు తెరిచాయి. చర్మకణాలు త్వరగా పెరగడమే దానికి కారణం. రీటా లెవీ మోంటాల్చీనీతో కలిపి కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ వృద్ధికారకం కణం లోపలికి పోదు. కణం పైపొరలో సగం బయటికీ సగం లోపలికీ ఉండే గ్రాహకం, అంటే రిసెప్టరు, దాన్ని పట్టుకుంటుంది. పట్టుకోగానే రెండు గ్రాహకాలు జతకూడి ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుంటాయి. మనం పొలానికి వేసే సూపర్‌ఫాస్ఫేటులో ఉన్న ఫాస్ఫేటే ఇదీనూ. కణంలో మాత్రం ఇది ఎరువు కాదు, మీట. ఒక ప్రొటీనుకు ఫాస్ఫేటు తగిలితే దాని ఆకారం కాస్త మారి అది పనిలోకి దిగుతుంది, లేదా పని మానేస్తుంది. ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైములు వేరే ఉన్నాయి. తగిలించే ఎంజైములను కైనేజులు అంటారు. వాటికి ఫాస్ఫేటు సరఫరా చేసేది ఏ.టి.పి. అనే అణువు. ఆ ఏ.టి.పి.ని 1929లో కండరాల్లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలోని హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పనిచేశారు.

గ్రాహకం మేలుకోగానే పొరకు లోపలివైపు అంటుకొని ఉన్న రాస్ అనే చిన్న ప్రొటీనుకు కేక అందుతుంది. రాస్ నుంచి రాఫ్‌కు, రాఫ్ నుంచి మెక్‌కు, మెక్ నుంచి ఎర్క్‌కు. ఎర్క్ కేంద్రకంలోకి పోయి జన్యువులను మేలుకొలుపుతుంది. అప్పుడు సైక్లిన్-డి తయారవుతుంది. సైక్లిన్ వస్తే చక్రం కదులుతుంది. ఇదే సంకేతమార్గం.

మధ్యలో ఇంతమంది ఎందుకు, గ్రాహకమే నేరుగా వెళ్ళి చెప్పవచ్చు కదా అని మీరడగవచ్చు. రెండు లాభాలున్నాయి. ఒకటి, ఒక ఎంజైము అనేక అణువులను మేలుకొలుపుతుంది గనుక చిన్న కేక పోనుపోను పెద్దదవుతుంది. రెండు, ప్రతి మెట్టు దగ్గరా ఆపడానికి వీలుంటుంది. ఈ రెండోది మరీ ముఖ్యం. కేక వేసినవాడు ఒకసారి వేసి ఊరుకోవాలి. ఊరుకోకపోతే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

ఒక్క అక్షరం తప్పు

రాస్ చేతిలో జి.టి.పి. అనే అణువు ఉన్నంతసేపు అది కేక వేస్తుంది. కాసేపటికి రాస్ తానే ఆ జి.టి.పి.ని కత్తిరించి జి.డి.పి.గా మార్చి నోరు మూసుకుంటుంది. తన మీట తానే కట్టేసుకునే ఏర్పాటన్నమాట. ఈ పనిలో దానికి సహాయం చేసే ప్రొటీనులు వేరే ఉన్నాయి.

1982లో అమెరికాలో మూడు ప్రయోగశాలలు మనిషి మూత్రాశయపు కేన్సరు కణాల్లోని రాస్ జన్యువును మామూలు రాస్ జన్యువుతో పక్కపక్కన పెట్టి చూశాయి. తేడా ఒక్క అక్షరం. మన డి.ఎన్.ఏ. పుస్తకంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, అందులో జి ఉండవలసిన చోట టి పడింది. ఫలితంగా రాస్ ప్రొటీనులో 12వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు వాలీన్ వచ్చింది. ఆ చిన్న మార్పుతో రాస్‌కు జి.టి.పి.ని కత్తిరించే శక్తి పోయింది. బయట గాయం లేదు, వృద్ధికారకం లేదు, గ్రాహకం నిద్రపోతోంది. అయినా రాస్ కేకలు వేస్తూనే ఉంది. చివరివాడు మడవ తెరుస్తూనే ఉన్నాడు. క్లోమగ్రంథి కేన్సర్లలో నూటికి 90 వంతుల్లో ఈ రాస్ జన్యువు చెడి ఉంటుంది.

చెడితే కేన్సరుకు దారితీసే ఇటువంటి జన్యువులను ఆంకోజీన్లు అంటారు. వీటి కథ కోళ్ళతో మొదలైంది. 1911లో పేటన్ రౌస్ కోళ్ళలో కణితిని పుట్టించే వైరస్‌ను కనిపెట్టాడు. అప్పట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేసరికి 1966. అప్పటికి ఆయన వయస్సు 87. ఆ తరవాత 1976లో బిషప్, వార్మస్ తమ సహచరులతో కలిసి, ఆ వైరస్‌లో కణితిని పుట్టించే జన్యువు అసలు వైరస్‌ది కాదని చూపించారు. అది మామూలు కోడి కణంలోనే ఉంది. వైరస్ ఎప్పుడో దాన్ని ఎత్తుకుపోయింది! అంటే కేన్సరుకు విత్తనం బయట లేదు, పెరుగుదలకు అవసరమైన మన సొంత జన్యువుల్లోనే ఉంది. ఆ ఇద్దరికీ 1989లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆగమని చెప్పే మాటలు

పెరగమనే మాట ఎంత అవసరమో ఆగమనే మాట అంతకంటే అవసరం. పొగాకు పండించేవాళ్ళకు ఇది కొత్తసంగతి కాదు. పూత వచ్చేవేళకు మొక్కల తలలు తుంచేస్తారు. తుంచిన కొన్నాళ్ళకే ఆకు ఆకు మొదట్లోంచి పిలకలు పుట్టుకొస్తాయి. అన్నాళ్ళూ అవి ఎందుకు రాలేదు? కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి పక్క మొగ్గలను అణచి ఉంచింది గనుక. తల పోయింది, ఆగమనే మాట ఆగింది, మొగ్గల్లోని కణాలు చీలడం మొదలైంది. ఆ పిలకలు గిల్లడానికి నేనూ సెలవుల్లో పోయేవాణ్ణి. దాని వెనక ఇంత సంగతి ఉందని ఇక్కడ చదువుకున్నాకే తెలిసింది.

జంతుకణాల్లోనూ అంతే. గాజుపళ్ళెంలో మామూలు కణాలను పెంచితే అవి అడుగంతా ఒక పొరగా పరుచుకొని, ఒకదానికొకటి తగలగానే చీలడం ఆపేస్తాయి. కేన్సరు కణాలు అలా ఆగవు. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టలు పడతాయి. పొరుగువాడి గట్టు వచ్చిందన్న స్పృహ వాటికి ఉండదు.

ఆగమనే మాటను అమలుపెట్టేవాటిలో మొదట చెప్పవలసింది ఆర్.బి. అనే ప్రొటీను. నకలు తీసే పనికి కావలసిన జన్యువులను మేలుకొలిపే ఇ-2-ఎఫ్ అనే ప్రొటీనును ఇది గట్టిగా పట్టుకొని కూర్చుంటుంది. ఇందాక చెప్పిన హద్దు దగ్గర తూముకు దించిన షట్టరు ఇదే. సైక్లిన్-డి, దాని జత సి.డి.కె. వచ్చి ఆర్.బి.కి ఫాస్ఫేటులు తగిలిస్తే గానీ అది పట్టు వదలదు. షట్టరు లేచినట్టే.

చిన్నపిల్లల కంటిలో రెటీనోబ్లాస్టోమా అనే కేన్సరు వస్తుంది. ఆర్.బి. అనే పేరు దాన్నుంచి వచ్చిందే. ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే వైద్యుడు 1971లో ఇటువంటి 48 మంది రోగుల వివరాలు పరిశీలించి ఒక లెక్క కట్టాడు. మనకు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. రెండు ప్రతులూ చెడితేనే ఈ కేన్సరు వస్తుందని ఆయన అన్నాడు. పుట్టుకతోనే ఒకటి చెడి ఉన్న పిల్లలకు ఇంకొక్క దెబ్బ చాలు, అందుకే వాళ్ళకు త్వరగా, తరచు రెండు కళ్ళకూ వస్తుంది. ఆ జన్యువు 1986లో చేతికి చిక్కింది. నడ్సన్ లెక్క నిజమైంది. చూడండి ఎంత తేడానో! కేకవేసే రాస్ జన్యువుకు ఒక ప్రతి చెడితే చాలు. ఆపే ఆర్.బి. జన్యువుకు రెండు ప్రతులూ పోవాలి.

కాపలాదారు

ఇంకొక ఆపేవాడున్నాడు. పేరు పి-53. దీన్ని 1979లో కనిపెట్టినప్పుడు కేన్సరును పెంచేదే అనుకున్నారు. పదేళ్ళకు, 1989లో, సంగతి తలకిందులైంది. ఇది కేన్సరును ఆపేదని తేలింది.

మామూలు రోజుల్లో కణంలో పి-53 ఎక్కువగా కనిపించదు. తయారైనది తయారైనట్టే నాశనం చేసే ఏర్పాటు ఉంది. డి.ఎన్.ఏ. తెగిందనో, అక్షరాలు చెడ్డాయనో వార్త రాగానే ఆ నాశనం ఆగి, పి-53 పోగవుతుంది. అది పి-21 అనే మరో ప్రొటీనును తయారుచేయిస్తుంది. పి-21 వెళ్ళి సి.డి.కె.లను కట్టేస్తుంది. చక్రం ఆగింది. ఈలోగా మరమ్మతు ఎంజైములు డి.ఎన్.ఏ.ను బాగుచేస్తే సరే. బాగుచేయలేనంత చెడితే? పి-53 ఆ కణాన్ని చచ్చిపొమ్మంటుంది. కణం తనను తానే ముక్కలు చేసుకొని చుట్టుపక్కల కణాలకు హాని లేకుండా పోతుంది. దీన్నే అపోప్టోసిస్ అంటారు. ఇది మన పుట్టుకలోనూ ఉంది. కడుపులో ఉన్నప్పుడు మన వేళ్ళమధ్య బాతుకాలికి ఉన్నట్టు పొర ఉంటుంది. ఆ కణాలు ఇలాగే తప్పుకోబట్టి మనకు అయిదు వేళ్ళు విడివిడిగా వచ్చాయి.

మనుషుల్లో వచ్చే కేన్సర్లలో సుమారు సగంలో పి-53 జన్యువు చెడి ఉంటుంది. ఇక్కడొక ముచ్చట. ఏనుగు ఒంట్లో మనకంటే ఎన్నో రెట్లు కణాలున్నాయి, దాని ఆయుష్షూ తక్కువేమీ కాదు. లెక్కప్రకారం ఏనుగులకు కేన్సరు విపరీతంగా రావాలి. రాదు. మనకు పి-53 జన్యువు ఒక్కటే ఉంటే ఏనుగుకు దాని నకళ్ళు కూడా కలిపి 20 దాకా ఉన్నాయని 2015లో బయటపడింది. ఏనుగును కాపాడే కారణాల్లో ఇదొకటని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

కొన్ని వైరస్‌లు ఈ కాపలాదారులను ఎలా పడగొట్టాలో నేర్చుకున్నాయి. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారంలో కేన్సరు తెచ్చే హెచ్.పి.వి. వైరస్‌లో ఇ-6, ఇ-7 అని రెండు ప్రొటీనులున్నాయి. ఇ-6 పి-53ను నాశనం చేయిస్తుంది. ఇ-7 ఆర్.బి.ని పట్టుకొని పనిచేయనివ్వదు. రెండు షట్టర్లూ ఒకేసారి లేచిపోతాయి. ఈ వైరస్‌కూ ఆ కేన్సరుకూ ఉన్న సంబంధాన్ని రుజువు చేసిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌కు టీకా ఉంది. చిన్న వయసులో ఆడపిల్లలకు వేయిస్తే ఆ కేన్సరును చాలావరకు తప్పించవచ్చు. చెల్లెళ్ళున్న మిత్రులందరూ ఈ ఒక్క వాక్యమైనా ఇంట్లో చదివి వినిపించాలని నా కోరిక.

మా పొలంలో పంట

ఇప్పుడు నాకు చెప్పడం కష్టమైన సంగతి. మా మాగాణి పోను మిగతాది మెట్ట. అందులో మేం పండించేది పొగాకు. నా ఫీజులు, హాస్టలు ఖర్చులు ఆ ఆకులోంచే వస్తాయి.

పొగాకు పొగలో కేన్సరు తెచ్చే పదార్థాలు 60కి పైగా ఉన్నాయి. వాటిలో ఒకటి బెంజోపైరీన్. ఇది నీళ్ళలో కరగదు. కరిగించి బయటికి పంపుదామని మన శరీరం దానికి ఆక్సిజన్ చేరుస్తుంది. అప్పుడు తయారయ్యే పదార్థం డి.ఎన్.ఏ.లోని జి అక్షరాన్ని అంటిపెట్టుకుంటుంది. నకలు తీసేటప్పుడు ఆ జి స్థానంలో టి పడే ప్రమాదం ఉంది. 1996లో శాస్త్రజ్ఞులు ఈ పదార్థం పి-53 జన్యువులో ఎక్కడెక్కడ అంటుకుంటుందో గుర్తులు పెట్టి చూశారు. 157, 248, 273 స్థానాల దగ్గర ఎక్కువగా అంటుకుంది. ఊపిరితిత్తుల కేన్సరు రోగుల్లో పి-53 ఎక్కువగా చెడేదీ అక్కడే! పొగతాగేవాళ్ళకు ఈ కేన్సరు ఎక్కువని డాల్, హిల్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1950లోనే లెక్కలతో చెప్పారు. 1996లో దొరికింది వేలిముద్ర.

మన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు తీరగ్రామాల్లో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే అలవాటుంది, ముఖ్యంగా ఆడవాళ్ళలో. వాళ్ళకు అంగిట్లో కేన్సరు వస్తుందని మన దేశపు వైద్యులు ఎప్పుడో గుర్తించి రాశారు.

సంక్రాంతి సెలవుల్లో ఈ పి-53 సంగతి మా నాన్నకు చెప్పాను. ఆయన అంతా విని, "నువ్వు చెప్పేది నిజమేరా. నేను తాగను, నిన్ను తాగనివ్వను. మరి ఈ నేలలో ఏం వేయమంటావు? శనగ వేస్తే ధర నిలవదు. కందికి పురుగు. అది కూడా మీ పుస్తకాల్లో రాశారా?" అన్నాడు. రాయలేదు. పొగాకు రైతును తిట్టడం తేలిక. అతనికి అంత డబ్బూ తెచ్చే ఇంకో పంట చూపించడం శాస్త్రం పనే, ప్రభుత్వం పనే. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా పి-53 గురించి మనకు తెలిసింది సగమేనని నేననుకుంటున్నాను.

తెలిసినందువల్ల లాభమేమిటి?

మార్గం తెలిస్తే చెడినచోటు తెలుస్తుంది. చెడినచోటు తెలిస్తే మందు వేయవచ్చు. మొదట్లో కేన్సరుకు ఇచ్చిన మందులు చీలే కణాన్నల్లా కొట్టేవి. వాటిలో తొలి తరానివి మళ్ళీ మన సుబ్బారావుగారి చలవే. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన పర్యవేక్షణలో తయారైన అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. డి.ఎన్.ఏ. నకలుకు కావలసిన సరుకు అందకుండా చేయడం ఆ మందు పని. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. అయితే జుట్టుకుదుళ్ళు, మూలుగ, పేగులు కూడా చీలే కణాలే గదా. అందుకే జుట్టు రాలడం, వాంతులు, నీరసం.

కొత్తదారి 2001లో తెరుచుకుంది. ఒక రకం రక్తకేన్సరు రోగుల్లో ఒక క్రోమోజోము పొట్టిగా ఉండడం 1960లో ఫిలడెల్ఫియాలో చూశారు. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దానికి కారణమని జానెట్ రౌలీ 1973లో తేల్చింది. అలా అతుక్కున్నచోట రెండు జన్యువులు కలిసి ఎప్పుడూ ఆగని ఒక కైనేజును తయారుచేస్తాయి. ఆ కైనేజులో ఏ.టి.పి. కూర్చునే గుంటలో తాను కూర్చొని కేకను ఆపే మందు ఇమాటినిబ్. రోజుకొక మాత్రతో ఏళ్ళతరబడి తమ పనులు తాము చేసుకుంటున్న రోగులు ఇప్పుడు ఎందరో ఉన్నారు. ఈ మందు కొత్త రూపానికి పేటెంటు ఇవ్వడానికి మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నిరాకరించింది. అందువల్ల మన దేశంలో తయారయ్యే చవక మాత్రలకు అడ్డు లేకపోయింది. ఇక నోరు మూయని రాస్? 1982లో తప్పు తెలిసినా, దాని ఒక రూపానికి మందు అనుమతి పొందేసరికి 2021 అయింది. దాదాపు నలభై ఏళ్ళు. అన్ని మందులూ అన్నాళ్ళూ పనిచేయవు కూడా. కణం మళ్ళీ మారి మందును తప్పించుకుంటుంది, పురుగుమందుకు అలవాటుపడ్డ పురుగులాగే.

చివరగా ఒక మాట. ఒక్క మీట చెడితే మామూలుగా కేన్సరు రాదు. రాస్ కేక వేస్తే ఆర్.బి. ఆపుతుంది. ఆర్.బి. పోతే పి-53 ఆపుతుంది. ఒకే కణంలో ఇలా చాలా తప్పులు ఒకదాని తరవాత ఒకటి పోగవ్వాలి. అందుకు సాధారణంగా ఏళ్ళు పడుతుంది. అందుకే పెద్దవయసులో ఎక్కువ. ఆ ఏళ్ళన్నీ మనకు దొరికిన గడువు. నోట్లో మూడువారాలైనా మానని పుండు, తెల్లమచ్చ, రొమ్ములో గడ్డ, వేళకాని రక్తస్రావం, తగ్గని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అది కేన్సరే అని కాదు, కాని డాక్టరుకు చూపించుకోవాలి. మా ఊళ్ళో చాలామంది చూపించుకోనిది డబ్బు లేక మాత్రమే కాదు, పేరు బయటపడుతుందని సిగ్గుపడి కూడా. ఇది పాపం కాదని, అంటు కాదని, మన కణమే మాట తప్పిందని, వేళకు వెళ్తే చాలాసార్లు బాగవుతుందని ఊళ్ళో నలుగురికి చెప్పగలిగితే మనం ఇక్కడ చదివిన మూడేళ్ళ చదువుకు కొంత సార్థకత ఉంటుంది.